కంకర కాగితం మీద పడిన చెయ్యి

వేలి కొనల మీది గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడతాయి. ఒకే పోలిక కవలలకు కూడా అవి కలవవు. గాయం చర్మం లోతుకు దిగితే తప్ప శాశ్వతంగా చెరగవు. తలుపు తాళం మొదలు ఆఫీసు హాజరు మిషన్ దాకా అన్నీ నమ్ముకున్నది ఇలా కలవకపోవడం, చెరగకపోవడం అనే రెండు సంగతులనే. ప్రాచీన చైనాలో మట్టి ముద్రల మీద వేళ్ల గుర్తులున్నాయి. అక్కడి నుంచి శతాబ్దాలను ఒక్క అంగలో దాటేసినా పోయేదేమీ లేదు. అసలు కథ బెంగాల్‌ది.

1858 జులైలో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే కుర్ర అధికారి రోడ్డుకు కంకర తోలించడానికి రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. బెంగాలు లెక్కలో 2,000 మణుగుల సరుకు. సిపాయిల తిరుగుబాటు వేడి ఇంకా చల్లారలేదు. కొనాయ్ తన చేత్తోనే బెంగాలీలో కాగితం రాసి సంతకానికి సిద్ధమయ్యాడు. హెర్షెల్‌కు ఏం తోచిందో, కచేరీ ముద్రకు వాడే నూనె సిరాను అతని అరచేతికి పూసి కాగితం వెనక ఒత్తించాడు. రేపు ‘ఈ సంతకం నాది కాదు’ అనకుండా జడిపించడమే ఉద్దేశం. ఆపైన ఇద్దరూ తమ అరచేతులు పోల్చి చూసుకుంటూ, హస్తసాముద్రికం మీద ఛలోక్తులు విసురుకున్నారు. ఒక శాస్త్రం ఇంత సరదాగా మొదలవడం అరుదు.

హెర్షెల్ ఆ సరదాను వదల్లేదు. తన వేళ్ల ముద్రలనే ఏళ్ల తరబడి తీసి, గీతలు మారడం లేదని చూసుకున్నాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా పింఛనుదార్ల చేత, దస్తావేజులు రిజిస్టరు చేసుకునేవారి చేత, ఖైదీల చేత వేలిముద్రలు వేయించాడు. ఈ పద్ధతిని పరీక్షించి చూడమని జైళ్ల అధికారికి ఉత్తరం రాస్తే మాత్రం ఆదరణ దక్కలేదు.

ఆ ఆదరణకు ఇరవై ఏళ్లు పట్టింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. పది వేళ్ల ముద్రలను 1,024 తరగతులుగా విడదీసే పద్ధతికి పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పడింది. లెక్కల కష్టం అతని కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది. 1901కల్లా ఆ పద్ధతి లండన్ పోలీసుల స్కాట్లండ్ యార్డు చేరింది.

కంప్యూటర్లు వచ్చాక ముద్రలు పోల్చే పని మిషన్ల చేతికి వచ్చింది. కొన్ని మిషన్లు వెలుతురుతో గీతలను పట్టుకుంటాయి. మరికొన్ని, ఉబ్బెత్తు గీతకూ పక్కనున్న పల్లానికీ మధ్య విద్యుత్ ఆవేశంలో వచ్చే తేడాతో పసిగడతాయి. ఆ బొమ్మలో గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, ఎటు వాలింది అన్నవి గుర్తుపెట్టుకుని, నమోదు రోజున దాచిన గుర్తులతో పోల్చి మార్కులు వేస్తాయి. పాస్ మార్కు దాటితే తలుపు తెరుచుకుంటుంది. వేలు రెండుసార్లు ఒకేలా ఆనదు కాబట్టి నూటికి నూరు రావాలని పట్టుబట్టవు. పాస్ మార్కు పెంచితే ఇంటివాడే బయట నిలబడాలి, తగ్గిస్తే పరాయివాడు లోపలికొస్తాడు.

2002లో జపాన్‌లో సుతోము మత్సుమోతో బృందం జెలటిన్ వేళ్లతో మిషన్లను బురిడీ కొట్టించింది. అందుకే కొన్ని మిషన్లు ఆనించినది ప్రాణమున్న వేలేనా అని కూడా చూస్తాయి. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. కాబట్టి చాలా ఫోన్లు ఆ గుర్తులను చిప్‌లోనే తాళం వేసి ఉంచుతాయి. తెలుగు రాష్ట్రాల రేషన్ షాపుల్లో ఇబ్బంది మరో రకం. సిమెంటు పని, పొలం పని చేసే చేతుల్లో గీతలు అరిగి ‘వేలిముద్ర పడట్లేదు’ అనే మాట వినిపిస్తుంటుంది. అలాంటివారికి కనుపాప చూసే పరికరమో, ఫోనుకొచ్చే ఓటీపీయో దిక్కు.