యాభై ఏళ్ళు పట్టిన సమాధానము



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో పరిచర్యకు తిరిగేటప్పుడు మేము ఒక సంగతి తరచుగా చూస్తున్నాము. పొలం గట్టు దగ్గరో, చీటీ డబ్బు దగ్గరో, పెండ్లిలో జారిన ఒక్క మాట దగ్గరో ఇద్దరు విశ్వాసులకు చెడుతుంది. ఒకరు మందిరానికి రావడం మానేస్తారు. లేదంటే అదే వీధిలో ఇంకో పాక, ఇంకో మైకు లేస్తాయి. కొన్నేళ్ళకు గట్టు సంగతి అందరూ మరచిపోతారు. పిల్లలకు మాత్రం ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకూడదని తెలుసు. అందుకే ఈ వారం మన సంఘాల చరిత్రలోని ఒక సంగతిని జ్ఞాపకము చేసుకొందాము.

1842 జూలై 31న హేయర్ దొరగారు గుంటూరు చేరారు. పెన్సిల్వేనియా లూథరన్ సినడ్ వారు ఆయనను పంపారు. తెనాలి, రేపల్లె వైపు ఉన్న లూథరన్ సంఘాలు ఆ గుంటూరు మిషను వేరునుండి వచ్చినవే. కొన్నేళ్ళకు జర్మన్ మిషనరీలు మొదలుపెట్టిన రాజమండ్రి పని కూడా ఈ మిషనులో కలిసింది.

ఇంతలో అమెరికాలో అన్నదమ్ములకు చెడింది. చాలా లూథరన్ సినడ్‌లకు పెద్దగా జనరల్ సినడ్ అనే సభ ఉండేది. లూథరన్ విశ్వాస ప్రమాణాన్ని అంగీకరించని ఒక సినడ్‌ను 1864లో ఆ సభ చేర్చుకొన్నది. పెన్సిల్వేనియా ప్రతినిధులు అది తప్పని చెప్పి, సభనుండి లేచి వెళ్ళిపోయారు. 1866లో ఫోర్ట్ వేన్ పట్టణంలో సభ కూడినప్పుడు వారు తిరిగి వచ్చారు. అయితే అధ్యక్షుడు వారికి సభలో చోటు ఇవ్వలేదు. మీరే వెళ్ళారని ఒకరు, మీరే గెంటారని ఒకరు. మరుసటి ఏడు, 1867లో, జనరల్ కౌన్సిల్ పేరుతో వేరే సభ లేచింది.

ఆ దెబ్బ సముద్రం దాటి మన దాకా వచ్చింది. పనివారు చాలక, డబ్బు చాలక జనరల్ సినడ్ వారు రాజమండ్రి పనిని ఇంగ్లీషువారి చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించ సిద్ధపడ్డారు. ఈ మాట హేయర్ దొరగారి చెవిన పడేసరికి ఆయనకు డెబ్బై ఏళ్ళు దాటాయి. 1869లో ఆయన పెన్సిల్వేనియా వారి సభకు వచ్చి, ఆ పనిని వదలవద్దని, తానే మళ్ళీ వెళ్తానని నిలబడ్డారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ పని కావాలంటే పెన్సిల్వేనియా వారు ఎవరిని అడగాలి? మూడేళ్ళ క్రితం తమకు కుర్చీ ఇవ్వనివారినే. వారు అడిగారు. వీరు ఇచ్చారు. ఇంగ్లీషు మిషను వారు కూడా అడ్డు చెప్పక ఒప్పుకొన్నారు. ఆ ఏడాది చివరలో హేయర్ దొరగారు రాజమండ్రి చేరారు.

పాత గాయం ఆ రోజే మానలేదు. గుంటూరు ఒక సభ క్రింద, రాజమండ్రి ఇంకో సభ క్రింద నడిచాయి. కృష్ణకు ఇవతలివారు, గోదావరి ఒడ్డువారు ఒకే బైబిలు, ఒకే లూథరు ప్రశ్నోత్తరి చదువుకొంటూ వేరు వేరు మిషనుల బిడ్డలుగా పెరిగారు. ఫోర్ట్ వేన్‌లో ఎవరు ఎవరిని ఏమన్నారో ఈ తెలుగు విశ్వాసులకు ఏమి సంబంధము? అయినా ఆ విభజన వారి మీద పడింది. 1918లో అమెరికాలో ఆ సభలు తిరిగి ఏకమయ్యాయి. 1927లో గుంటూరు, రాజమండ్రి సంఘాలు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిగా, అంటే మనమందరం పిలిచే ఏ.ఇ.ఎల్.సి.గా, నిలిచాయి. చోటు లేదన్న మాటనుండి లెక్కిస్తే అమెరికాలో 52 ఏళ్ళు, మన దగ్గర 61 ఏళ్ళు. ఆ మాట అన్నవారిలో, పడినవారిలో ఈ కలయికను చూడ బ్రతికినవారు బహు కొద్దిమంది. హేయర్ దొరగారు 1873లోనే ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, మత్తయి 18:15 ప్రకారము తప్పు జరిగితే మొదట మనమే వెళ్ళి, ఒంటరిగా మాట్లాడాలి. పెద్దల దగ్గరకు, పంచాయితీకి, వాట్సాప్ గ్రూపుకు ముందు ఆ గుమ్మము ఎక్కాలి. "పోనీలే బాబూ, మరచిపో" అని పెద్దలు చేయించే రాజీ చాలదు. జక్కయ్య తీసుకొన్నదానిని తిరిగి ఇచ్చాడు (లూకా 19:8). గట్టు జరిపినవాడు గట్టు సరిచేయాలి, చీటీ డబ్బు వాడుకొన్నవాడు లెక్క చూపి కట్టాలి. నష్టపోయినవాడు కూడా, సొమ్ము చేతికి వచ్చిన తరువాత, దానిని మరల మరల ఎత్తి చూపకూడదు.

వెంటనే ప్రేమ పుట్టకపోవచ్చును. 1869లో కూడా పుట్టలేదు. అయినా ప్రభువు పని ఆగకూడదని ఒకరు అడిగారు, ఒకరు ఇచ్చారు. మనకు ఆ పాటి మొదలు చాలు.

వచ్చే ప్రభురాత్రి భోజనము లోపు మీరు ఎవరి గుమ్మము ఎక్కవలెనో మీకు తెలుసు. మీ పిల్లలు ఆ పగను వారసత్వముగా పొందకముందే వెళ్ళి రండి. సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.