చార్లెస్ స్ట్రిక్లండ్: ఒక కల్పిత చిత్రకారుని మనస్తత్వం

కావ్యనాయకులను ధీరోదాత్తుడని, ధీరలలితుడని, ధీరశాంతుడని, ధీరోద్ధతుడని నాలుగు తెగలుగా విభజించి చూడటం మన ఆలంకారికులు నేర్పిన పద్ధతి. నాయకుడు ఏ తెగవాడో తెలిస్తే, ఏ సందర్భంలో ఎలా ప్రవర్తిస్తాడో సహృదయుడు కొంతవరకు ఊహించగలడు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానిలోనూ ఇమడని నాయకుడొకడు 1919లో ఆంగ్ల సాహిత్యంలో అవతరించాడు. సోమర్‌సెట్ మామ్ రచించిన ‘ది మూన్ అండ్ సిక్స్‌పెన్స్’ నవలలోని చార్లెస్ స్ట్రిక్లండ్ అనే చిత్రకారుడే అతడు. ఉదాత్తుడు కాడు, లలితుడు కాడు, శాంతుడు అంతకన్నా కాడు. ఉద్ధతుడందామంటే, ఉద్ధతునికి ఉండవలసిన ఆత్మశ్లాఘ గాని కీర్తికాంక్ష గాని అతనిలో లేశమైనా లేదు.

ఆ నవల వెలువడిన రెండేండ్లకు, 1921లో, స్విట్జర్లండ్ దేశీయుడైన మనోవైద్యుడు కార్ల్ గుస్టావ్ యూంగ్ మనస్సుల తెగలను గురించిన బృహద్గ్రంథాన్ని జర్మన్ భాషలో ప్రకటించాడు. 1923లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. మామ్ ఆ గ్రంథం ముందు పెట్టుకొని తన పాత్రను మలచినాడనటానికి వీలులేదు. నవల ముందు పుట్టింది. కనుకనే యూంగ్ కొలబద్దతో స్ట్రిక్లండును కొలిచి చూడటం న్యాయమైన పరీక్ష కాగలదని మేము తలుస్తున్నాము.

కథ సంగ్రహంగా ఇది. స్ట్రిక్లండ్ లండన్‌లో షేర్ల దళారి. వయస్సు నలభై. పదిహేడేండ్ల కాపురం, ఇద్దరు బిడ్డలు. సాహిత్యకారులను విందుకు పిలవటం భార్యకు సరదా. భర్త మాత్రం ఆ విందులలో నోరు మెదపని సామాన్యుడు. ఒకనాడు అతడు చెప్పాపెట్టకుండా పారిస్ వెళ్ళిపోయాడు. ఎవతెనో వెంటబెట్టుకొని పోయాడని అందరూ అనుకున్నారు. కథ చెప్పే యువరచయిత ఆమె పంపగా పారిస్ వెళ్ళి చూస్తే, చవకబారు హోటలు గదిలో మనిషి ఒంటరిగా ఉన్నాడు. బొమ్మలు వేయాలి, వేయక తప్పదు. అతడు చెప్పిన కారణం అంతే. క్లబ్బులో పేకాడుతున్నాడని భార్య నమ్మిన ఆ సంవత్సరమంతా అతడు సాయంకాలపు తరగతులలో చిత్రలేఖనం అభ్యసిస్తున్నాడట! పారిస్‌లో పస్తులు, మార్సేల్స్‌లో దేశదిమ్మరితనం, చివరకు తాహితి ద్వీపం. అక్కడ ఆటా అనే పదిహేడేండ్ల యువతితో కాపురం, కుష్ఠురోగం, అంధత్వం, అడవిలోని ఇంటి గోడల నిండా మహత్తరమైన చిత్రాలు. తాను పోయిన తరువాత ఆ ఇంటిని దగ్ధం చేయవలసిందని ఆటా చేత మాట తీసుకున్నాడు. ఆమె మాట చెల్లించింది.

ఇక యూంగ్ కొలబద్ద. ఫ్రాయిడ్, ఆడ్లర్ ఇద్దరూ ఒకే జబ్బును చూచి రెండు భిన్నమైన కారణాలు ఎందుకు చెబుతున్నారన్న ప్రశ్న యూంగ్‌ను వేధించింది. చూచేవారి మనస్సులే వేరు కాబట్టి, అన్నది అతనికి తోచిన సమాధానం. మనశ్శక్తి బయటి వస్తువు వైపు ప్రవహించేవాడు బహిర్ముఖుడు. తనలోనికి మళ్ళేవాడు అంతర్ముఖుడు. మొదట, 1913 నాటి ఉపన్యాసంలో, ఈ రెండే. తరువాత అతడు నాలుగు మనోవ్యాపారాలను దీనికి జోడించాడు: ఆలోచన, అనుభూతి, ఇంద్రియ సంవేదన, స్ఫురణ. ఒక వస్తువు ఉన్నదని సంవేదన చెబుతుంది; అదేమిటో ఆలోచన చెబుతుంది; అది మనకు ప్రియమా అప్రియమా అని అనుభూతి విలువ కడుతుంది; అది ఎక్కడి నుండి వచ్చి ఎక్కడికి పోతున్నదో స్ఫురణ పసికడుతుంది. అనుభూతి అంటే కన్నీరు, ఉద్రేకం అని శ్రోతలు భ్రమపడరాదు. యూంగ్ దృష్టిలో అది తక్కెడ వంటిది.

ఈ నాలుగూ అందరిలో ఉంటాయి. అయితే ఒకటి పెత్తనం చేస్తుంది. దానికి ఎదురుబొదురుగా ఉన్నది అణగిపోయి, ఎదగని పసిపిల్లవలె మనస్సు అట్టడుగున పడి ఉంటుంది. ఆలోచనకు అనుభూతి ఎదురు. స్ఫురణకు సంవేదన ఎదురు. అణగినది చచ్చిపోదు. ఏడాది పొడుగునా నోరెత్తని మనిషికి ఒకనాడు కోపం వస్తే ఇల్లు దద్దరిల్లినట్లు, అదను చూచి విరుచుకుపడుతుంది. యూంగ్ సిద్ధాంతంలో అందరికన్న ఎక్కువ మనస్సుకు పట్టే భాగం ఇదేనని మా అభిప్రాయం. మనిషి తెగను అతని బలంలో కన్న అతని బలహీనతలోనే తేలికగా గుర్తించవచ్చు.

స్ట్రిక్లండ్ అంతర్ముఖుడనటానికి వాదం అవసరం లేదు. లోకులు ఏమనుకుంటారన్న చింత అతనికి లేదు. పొగడ్తా తెగడ్తా ఒకటే. బొమ్మలు అమ్మడు, ప్రదర్శనకు పంపడు, అడిగినా చూపడు. చిక్కంతా పెత్తనం చేసే వ్యాపారం ఏదన్న దగ్గర వస్తుంది. చిత్రకారుడు కదా, కంటితో బ్రతికేవాడు కదా, అంతర్ముఖ సంవేదనమే అతని సొత్తు అని ఎవరైనా అనవచ్చు. అందుకు నవలలో ఆధారం లేకపోలేదు. అతని చిత్రమొకదానిలో పళ్ళెం గుండ్రంగా లేదు, నారింజపండ్లు వంకర తిరిగి ఉన్నాయి; చూచిన కథకుడు కలవరపడతాడు. వస్తువును ఉన్నదున్నట్లుగా కాక, అది తనలో రేపిన ముద్రను చిత్రించటం అంతర్ముఖ సంవేదకుని లక్షణమని యూంగ్ కూడ చెప్పాడు.

అయినా ఈ వాదం మాకు నచ్చదు. సంవేదన పెత్తనం చేసే మనిషికి తన శరీరం తెలిసి ఉండాలి. స్ట్రిక్లండుకు అది తెలియదు. ఏమి తిన్నాడో, తిన్నాడో లేదో, ఎక్కడ పడుకున్నాడో పట్టదు. వేసిన చిత్రం మీద కూడ, అది పూర్తికాగానే, అతనికి మమకారం పోతుంది. అతనికి కావలసింది పళ్ళెమూ కాదు, పండూ కాదు, చిత్రమూ కాదు. వాటి వెనుక తన కొక్కనికే గోచరించే ఏదో ఒక రూపం. దాని వెంటబడి ఒక చిత్రం నుండి మరొక చిత్రానికి పోతూ ఉంటాడు. ఇది అంతర్ముఖ స్ఫురణ లక్షణం. ద్రష్టలు, విచిత్రమైన కళాకారులు, ఇరుగుపొరుగుకు అంతుపట్టని స్వాప్నికులు ఈ తెగలో పుడతారని యూంగ్ వ్రాశాడు.

దీనికి గట్టి సాక్ష్యం నవలలోని అతి దారుణమైన ఘట్టం ఇస్తుంది. పారిస్‌లో డిర్క్ స్ట్రోవ్ అనే డచ్చి చిత్రకారుడున్నాడు. తాను వేసేవి చవకబారు బొమ్మలు. ఇతరుల ప్రతిభను మాత్రం చూడగానే గుర్తిస్తాడు. జబ్బుపడి ప్రాణం మీదికి వచ్చిన స్ట్రిక్లండును, భార్య బ్లాంష్ వద్దు వద్దని మొత్తుకొన్నా వినక, తన ఇంటికి తెచ్చి సేవ చేశాడు. కోలుకున్న అతిథితోనే ఆ భార్య వెళ్ళిపోయింది. కొంతకాలానికి స్ట్రిక్లండ్ ఆమెను విడిచాడు. ఆమె విషం త్రాగి మరణించింది. అతనికి పశ్చాత్తాపం లేదు. కామం అతనికి శత్రువు. అది పైబడినప్పుడు ఒళ్ళు తెలియదు, తీరగానే అసహ్యం. ఆమె మంచి శరీరం గల స్త్రీ, ఒక నగ్నచిత్రానికి పనికివచ్చింది, అంతే. రోజుల తరబడి తన శరీరాన్ని మరచిన మనిషి మీదకు ఆ శరీరమే దొంగవలె దూకటం, యూంగ్ చెప్పిన అణగిన సంవేదనకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు. మామ్‌కు సిద్ధాంతం తెలియదు, మనిషి తెలుసు.

మరి హృదయం? తక్కెడ అతనిలోనూ ఉన్నది గాని, ఒక తట్టలో చిత్రకళ, రెండవ తట్టలో లోకమంతా. ముల్లు ఎన్నడూ కదలదు. దానిని అంతర్ముఖ అనుభూతి అనేవారున్నారు. ఆ తెగవారి లోతులలో గుప్తమైన ఆర్ద్రత ఉంటుందని యూంగ్ అన్నాడు. స్ట్రిక్లండులో ఎంత త్రవ్వినా నీటిచెమ్మ కనిపించదు. స్ఫురణకు తోడు అతనిలో పనిచేసేది పొడి ఆలోచన. అతని ముక్తసరి సమాధానాలూ, ఎకసెక్కెమూ దాని నుండి వచ్చినవే.

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక ప్రశ్న మిగులుతుంది. తెగ పేరు పెట్టినంత మాత్రాన తప్పు మాసిపోతుందా? పులి మాంసం తింటుంది, దాని తప్పేమున్నదన్నట్లుగా, అంతర్ముఖ స్ఫురణ గలవాడు భార్యాబిడ్డలను విడుస్తాడు, దానికేమంటామని కొందరు మాట్లాడుతారు. యూంగ్ అలా అనలేదు. అణగిన వ్యాపారాన్ని గుర్తించి పెంచి పోషించుకొనటం మనిషి బాధ్యత అన్నాడు. చూడగానే మనుష్యుల నుదుట చీటీలు అంటించటం పిల్లల ఆట వంటిదని 1934లో హెచ్చరించాడు కూడ. హెచ్చరిక అంతగా ఫలించలేదు. అమెరికాలో కాథరీన్ బ్రిగ్స్ అనే గృహిణి, జీవితచరిత్రలు చదువుతూ తనకు తానే ఒక తెగల పట్టిక తయారు చేసుకుంటూ ఉండగా, 1923లో యూంగ్ గ్రంథం ఆమె చేతికి వచ్చింది. ఆమె, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ కలిసి దానిని పదహారు తెగల ప్రశ్నావళిగా మార్చారు. 1962లో అది ప్రచురితమైంది. ఇసబెల్ అంతకు ముందు అపరాధపరిశోధక నవల వ్రాసిన రచయిత్రి అన్న విషయం ముచ్చటైనది. కొద్దివారాల వ్యవధిలో మళ్ళీ జవాబులు వ్రాస్తే అదే మనిషి వేరొక తెగలో పడటం కద్దని పరిశోధకులు ఆక్షేపించారు. అయినా ఈనాటికీ ఉద్యోగస్థలాలలో దానికి ఆదరణ తగ్గలేదు. కల్పిత పాత్రలకు సైతం తెగలు నిర్ణయించే వేడుక యువజనులలో పెరిగింది.

కల్పిత పాత్ర విషయంలో మరొక మెలిక ఉన్నది. 1930లో సాహిత్యం గురించి వ్రాస్తూ యూంగ్, రచయిత స్వయంగా మనస్తత్వ వ్యాఖ్యానం చేయని నవలలే మనస్తత్వవేత్తకు ఎక్కువ ఉపయోగమని అన్నాడు. మామ్ కథకుడు వ్యాఖ్యానం చేయకుండా ఉండలేడు. స్ట్రిక్లండ్ నోటినుండి వచ్చే మాటలు కొద్ది. మిగిలినదంతా కథకుని ఊహ. అంటే మనం పరీక్షిస్తున్నది ఒక మనిషిని కాదు, ఒక మనిషిని గురించి మరొకడు కట్టిన కథను. (యూంగ్, మామ్ ఇద్దరూ 1938 ప్రారంభంలో మన దేశంలోనే ఉన్నారు. మామ్ తిరువణ్ణామలై వెళ్ళి రమణ మహర్షిని దర్శించాడు. అంతర్ముఖత్వానికి నిర్వచనం వ్రాసిన యూంగ్ మద్రాసు దాకా వచ్చి, ఆయనను చూడకుండానే వెళ్ళిపోయాడు!)

ఆ కథ వెనుక ఒక నిజమైన మనిషి ఉన్నాడు. అతడు ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాన్. అతనికీ షేర్ల వ్యాపారం, భార్యాబిడ్డలు, తాహితి అన్నీ ఉన్నవి. మామ్ 1917లో తాహితి వెళ్ళి, గోగాన్ చిత్రించిన తలుపు అద్దాన్ని కొని తెచ్చుకున్నాడు కూడ. నవల చదివినవారు గోగాన్‌ను స్ట్రిక్లండుగానే భావించటం అలవాటైపోయింది. కాని చరిత్ర చెప్పేది వేరు. గోగాన్ రాత్రికి రాత్రి లేచిపోలేదు. 1876లోనే అతని చిత్రమొకటి పారిస్ సలాన్ ప్రదర్శనలో ఉన్నది. 1882లో షేర్ల బజారు కుప్పకూలింది. మరుసటి ఏడు అతని ఉద్యోగం పోయింది. కుటుంబమంతా భార్య మెట్ పుట్టినిల్లయిన కోపెన్‌హేగన్ చేరింది. అక్కడ ఇమడలేక 1885లో కొడుకు క్లోవిస్‌ను వెంటబెట్టుకొని పారిస్ తిరిగి వచ్చాడు. ఆ పైన సంవత్సరాల తరబడి భార్యకు ఉత్తరాలు వ్రాశాడు, చిత్రాలు అమ్మిపెట్టమన్నాడు, పేరు కోసం తహతహలాడాడు. 1893లో పారిస్‌లో తాహితి చిత్రాల ప్రదర్శన పెట్టించుకున్నాడు. ద్వీపంలో పత్రిక నడిపి అధికారులతో తగవు పడ్డాడు. 1903లో పరువునష్టం కేసులో మూడు నెలల శిక్ష పడి, అది అనుభవించక ముందే మార్కెసాస్ దీవులలో మరణించాడు. లోకం మీద ఇంత ధ్యాస ఉన్న మనిషిని స్ట్రిక్లండ్ తెగలో చేర్చటం ఎట్లా? మామ్ తన పాత్రకు అనవసరమనుకొన్నదంతా కోసివేశాడు. ఉత్తరాలు పోయాయి, డబ్బు బెంగ పోయింది, కొడుకును వెంట తెచ్చుకున్న తండ్రి పోయాడు. మిగిలినది స్వచ్ఛమైన తెగ.

ఇందువలన గోగాన్ మంచివాడని మేము అనటం లేదు. భార్యకు మిగిలింది పిల్లల భారం. తాహితిలో, మార్కెసాస్‌లో పదమూడు పద్నాలుగేండ్ల బాలికలను అతడు భార్యలుగా ఉంచుకొన్నాడు. నవలలో ఆటాకు మామ్ పదిహేడేండ్లు ఇచ్చి, ఆమెకు మాటలు మాత్రం చాలా కొద్దిగా ఇచ్చాడు. స్ట్రిక్లండ్ భార్య టైపు కార్యాలయం పెట్టుకొని బ్రతికింది; భర్తకు పేరు వచ్చిన తరువాత అతని చిత్రాల నకళ్ళను తన హాలులో వ్రేలాడగట్టుకొన్నది. నవలలో హాస్యంగా చెప్పిన ఈ సంగతి మాకు హాస్యంగా తోచదు.

స్ట్రిక్లండ్‌ను బిడ్డల సంగతి అడిగినప్పుడు, చిన్నప్పుడు ముద్దుగా ఉండేవారు, ఇప్పుడు ప్రత్యేకించి ఏమీ అనిపించదన్న ధోరణిలో జవాబు చెప్పాడు. గోగాన్ కుమార్తె అలీన్ 1897 జనవరిలో కోపెన్‌హేగన్‌లో మరణించింది. ఆమెకు పందొమ్మిదేండ్లు. ఓడ మీద వచ్చిన ఉత్తరం ఆ కబురును తాహితికి చేర్చేసరికి వసంతకాలమైంది. ఆ సంవత్సరమే అతడు భార్యకు కడపటి లేఖ వ్రాసి ఉత్తరప్రత్యుత్తరాలు చాలించాడు. ఆ సంవత్సరాంతంలోనే పన్నెండు అడుగులకు మించిన వెడల్పు గల గోనెగుడ్డ మీద, కుడివైపున నిద్రించే పసిబిడ్డతో మొదలుపెట్టి ఎడమవైపున మరణానికి చేరువైన ముసలమ్మ వరకు, తన చిత్రాలలోకెల్ల పెద్దదానిని చిత్రించాడు. మనం ఎక్కడి నుండి వచ్చాము, ఎవరము, ఎక్కడికి పోతున్నాము అని దానికి పేరు. అడవిలోని గోడలమీది స్ట్రిక్లండ్ చిత్రాలు ఇంటితోపాటు కాలిపోయాయి. ఇది మాత్రం బోస్టన్ నగరంలోని లలితకళల మ్యూజియంలో ఉన్నది.