తాడు నుంచి టై రాడ్ దాకా

మొన్న ఇక్కడ మినెసోటాలో మావాడి స్నోమొబైల్ హ్యాండిల్ తిప్పితే స్కీలు ఆలోచించుకుని తిరుగుతున్నాయి. గడ్డకట్టిన సరస్సు మీద అలాంటి బండి ఎక్కడం ప్రాణాలతో చెలగాటమే.

1924లో విస్కాన్సిన్‌లోని సేనర్‌లో కార్ల్ ఎలియాసన్ గారు, పాదం సరిగా లేక మంచులో స్నేహితుల వెంట నడవలేక, చెక్కబల్లకి పడవ ఇంజను తగిలించి, ముందు స్కీలని తాళ్ళతో తిప్పారు. తాడు వదులైతే కంటికే కనిపిస్తుంది కదా! 1959లో కెనడాలో స్కీ-డూ వచ్చేనాటికి తాడు పోయి హ్యాండిల్ బారొచ్చింది. మధ్యలో ఎన్ని కీళ్ళో.

ముందుభాగం పైకెత్తాం. వాడు హ్యాండిల్ కదలకుండా పట్టుకున్నాడు, నేను స్కీని ఊపుతూ ఒక్కో కీలూ తడిమాను. అచ్చం డీబగ్గింగే! ఎడమ టై రాడ్ చివర బాల్ జాయింట్ అరిగిపోయింది. బిగిస్తే పోయేది కాదు. కొత్తది వేసి, స్కీల వరస కొలిచి, లాక్‌నట్ బిగించాం.

"సరస్సు మీదకెళ్దామా?" అన్నాడు. ముందు పెరట్లో నాలుగు చుట్లు కొట్టరా అన్నాను.