లెక్కల మాత్రలు

అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో 1931వ సంవత్సరంలో పిల్లలకోసం ఒక మానసిక వైద్యశాల ప్రారంభమైనది. జార్జి బ్రాడ్లీ అనే సంపన్నుని కుమార్తె ఎమ్మా చిన్నతనంలోనే మెదడువాపు వ్యాధి పాలై, దాని ఫలితాన్ని జీవితాంతం అనుభవించినది. అటువంటి పిల్లలకు నీడ కల్పించవలెనని ఆయన వ్రాసిపోయిన ఆస్తితో వెలసినదే ఈ ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ గృహం. పిల్లలు అక్కడే ఉండి, అక్కడి బడిలోనే చదువుకొనేవారు.

ఆ కుటుంబానికే చెందిన చార్లెస్ బ్రాడ్లీ అక్కడ వైద్యుడు. ఆ రోజులలో మెదడును ఎక్స్-రే తీయడానికి ముందు, వెన్నులోని ద్రవాన్ని కొంత తొలగించి, దాని స్థానంలో గాలిని ఎక్కించేవారు. పరీక్ష ముగిసిన తరువాత పిల్లలకు భరింపరాని తలనొప్పి వచ్చేది. ద్రవం త్వరగా ఊరితే నొప్పి తగ్గునేమోనని బ్రాడ్లీ వారికి బెంజిడ్రిన్ అనే ఉత్తేజకమైన మందును ఇచ్చి చూచినాడు. తలనొప్పి తగ్గలేదు. కాని బడిలోని ఉపాధ్యాయులు ఒక వింతను గమనించినారు. కుదురులేని పిల్లలు కొందరు నిలకడగా కూర్చొని పాఠాలు చదువుతున్నారు!

బ్రాడ్లీ ఆ మాటను కొట్టివేయలేదు. వెంటనే నమ్మి అందరికీ మందు పంచిపెట్టనూ లేదు. రకరకాల ప్రవర్తన దోషాలు గల 30 మంది పిల్లలను ఎన్నుకొన్నాడు. మందు ఇవ్వకముందు ఒక వారం, ఇస్తూ ఒక వారం, మానివేసి మరొక వారం వారి నడవడిని వ్రాయించినాడు. 14 మందికి చదువులో స్పష్టమైన అభివృద్ధి కనిపించినది. మందు ఆపగానే అది పోయినది. పిల్లలే వాటికి 'లెక్కల మాత్రలు' అని పేరు పెట్టుకొన్నారు. ఈ ఫలితాలు 1937లో అచ్చయినవి.

బుద్ధికి లోటులేకపోయినా మనస్సును ఒకచోట నిలుపలేని పిల్లలను వైద్యులు అంతకు పూర్వమే ఎరుగుదురు. 1902లో లండన్‌లో జార్జి స్టిల్ అనే శిశువైద్యుడు తన ఉపన్యాసాలలో అటువంటివారిని వర్ణించి, దానిని నైతిక నిగ్రహ లోపమన్నాడు. 1968లో అమెరికా మనోవైద్యులు దీనిని అతిచలన ప్రతిక్రియ అన్నారు. 1980లో అవధాన లోపమన్నారు. 1987 నుండి ఎ.డి.హెచ్.డి., అనగా అవధానలోప అతిచలన రుగ్మత అనే పేరు స్థిరపడినది.

ఈలోగా మందులు పెరిగినవి. 1944లో స్విట్జర్లాండులో పానిజాన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసిన మిథైల్‌ఫెనిడేట్, రిటాలిన్ అనే పేరుతో 1950-60 మధ్య అంగళ్లకు వచ్చినది. 1970లో ఒమాహా నగరపు బడిపిల్లలలో నూటికి 5 నుండి 10 మంది ఇటువంటి మందులు మ్రింగుతున్నారని ఒక వార్తాపత్రిక వ్రాసినది. ఆ అంకె అతిశయోక్తి అని తరువాత తేలినా, ఆ భయం న్యాయమైనదే. ఏ పిల్లవానికి మందు అవసరం? ఎంత? ఎంతకాలం? దీనిని నిర్ణయించే కొలబద్ద ఏది?

దీనికి సమాధానం వెదకిన గొప్ప పరిశోధన ఫలితాలు 1999లో వెలువడినవి. 7 నుండి 9 సంవత్సరాల వయస్సు గల 579 మంది పిల్లలను నాలుగు వర్గాలుగా చేసి 14 నెలలు పరిశీలించినారు. ఒక వర్గానికి జాగ్రత్తగా మందు, రెండవదానికి ప్రవర్తన శిక్షణ, మూడవదానికి రెండూ లభించినవి. నాలుగవ వర్గంవారు తమ ఊరి వైద్యులవద్దకే వెళ్లినారు. మొదటి, మూడవ వర్గాలవారికి రోగలక్షణాలు ఎక్కువగా తగ్గినవి. విశేషమేమంటే, నాలుగవ వర్గంలోనూ మూడింట రెండువంతుల మంది అటువంటి మందులనే వాడినారు. అయినా వారికి అంత గుణం కనిపించలేదు.

మందు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వచ్చినది? పరిశోధకులు 28 రోజులపాటు మోతాదులు మార్చి చూచి, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఏరోజుకారోజు వేసిన అంకెలనుబట్టి ప్రతి పిల్లవానికి తగిన మోతాదును నిర్ణయించినారు. తరువాత నెలనెలా పరీక్షించినారు. ఊరి వైద్యులు ఏడాదికి ఒకటి రెండుసార్లే చూచినారు, మోతాదులూ తక్కువే. పరిశోధన ముగిసి పిల్లలు మామూలు వైద్యానికి మరలిన తరువాత, మూడవ ఏటికి వర్గాలమధ్య తేడా కనిపించకుండా పోయినది. ఒకనాటి శ్రద్ధ కలకాలం సరిపోదన్నమాట.

2000, 2001 సంవత్సరాలలో అమెరికా శిశువైద్యుల అకాడమీ మార్గదర్శక సూత్రాలను ప్రకటించి, 2011లోను, 2019లోను వాటిని సవరించినది. లక్షణాలు ఇంటిలో మాత్రమేగాక బడిలోను కనబడవలెను. ఇతర కారణాలున్నవేమో విచారించవలెను. ఆరేండ్లు నిండనివారి విషయంలో ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వవలెను. ఆపై వయస్సువారికి మందుతోపాటు ప్రవర్తన శిక్షణ, బడిలో సహాయం ఉండవలెను. యౌవనంలో అడుగిడుచున్నవారికి వారి సమ్మతితోనే మందు ఇవ్వవలెను. భారత మనోవైద్య సంఘం కూడా 2019లో ఇటువంటి సూత్రాలను ప్రచురించినది.

సూత్రాలు వ్రాయడం ఒక ఎత్తు, పాటించడం ఒక ఎత్తు. 2014లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో 50 శిశువైద్యశాలలలోని 1,500కు పైగా పిల్లల రికార్డులను తిరగవేసినారు. నూటికి 93 మందికి మందు వ్రాసినారు. ప్రవర్తన చికిత్స పొందినవారు నూటికి 13 మంది. మొదటి సంవత్సరంలో, మందు పనిచేస్తున్నదా లేదా అని ఉపాధ్యాయులు వ్రాసిన అంచనా పత్రాలు చేరినవి నూటికి 8 మంది విషయంలో కూడా లేవు.

లెక్కల మాత్రల కథ ఉపాధ్యాయుల కంటిచూపుతో మొదలైనది. బ్రాడ్లీ ఆ చూపును మూడు వారాల లెక్కగా మార్చినాడు. తరగతిలో పిల్లవాని తీరును గమనించి వ్రాసే నాలుగు పంక్తులు వైద్యునికి చేరనినాడు, ఎంత మంచి మందైనా గురి చూడక వేసిన బాణమే.