సినారె రచనలు: ఎక్కడ మొదలుపెట్టాలి

సింగిరెడ్డి నారాయణరెడ్డి (1931–2017) పుట్టింది సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న ఈ తెలుగు కవి గేయకావ్యం, వచన కవిత, గజల్, సినిమా పాట, పరిశోధన అన్నింటా రాశారు. దేనితో మొదలుపెట్టాలో కొత్త పాఠకుడికి తోచదు.

1988 జ్ఞానపీఠ పురస్కారం వల్ల చూపు ముందుగా ‘విశ్వంభర’ (1980) మీదికే పోతుంది. అది తొలి మెట్టు కాదు. మానవ ప్రస్థానమే వస్తువైన ఆ దీర్ఘ వచన కావ్యంలో పట్టుకుని నడవడానికి పేరున్న పాత్రలు లేవు. ముందు ‘కర్పూర వసంతరాయలు’ (1957) చదవాలి. కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి, నర్తకి లకుమల కథ అది. మాత్రాఛందస్సులో సాగే ఈ గేయకావ్యాన్ని పైకి చదవాలి. నాట్యాన్ని వర్ణించే చోట్ల పద్యపు నడకలోనే అడుగుల సవ్వడి ఉంటుంది. సినారె ప్రాణం లయ అని ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత ‘మంటలూ మానవుడూ’ (1970). గేయకవి వచనంలోకి వచ్చి సమకాలీన మనిషిని నిలదీసిన ఈ సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. సినిమా పాటలకు ‘గులేబకావళి కథ’ (1962) చాలు. గజళ్లు మాత్రం ఆయన గొంతులోనే వినాలి. ‘విశ్వంభర’ను వీటన్నిటి తర్వాత తెరవండి.