కాలి కింద పక్కవాద్యం

మా క్రోసూరులో మైకుసెట్టు అద్దెకిచ్చే పని మొదట మా నాన్నది, ఆయన తర్వాత నాది. పెళ్ళి, చర్చి పండగ, తిరునాళ్ళ నాటకం, ఎలక్షన్ మీటింగు, ఏది జరిగినా ఆంప్లిఫయరు పక్కన ఒక మడతకుర్చీ మాకుంటుంది. జనం పాడేవాడి ముఖం చూస్తారు. మేం వాడి పక్కన కూర్చున్నవాళ్ళని చూస్తాం, ఎందుకంటే ఎవరి ముందు మైకు పెట్టాలో, ఎవరిది ఎంత పెంచాలో లెక్క చూసుకోవాల్సింది మేమే. ఆ లెక్కలో పక్కవాద్యాల మైకులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు గిటారు వాయించే కుర్రాళ్ళ కాలి కిందికి ఇటుకంత డబ్బా ఒకటి వచ్చింది. దాన్ని తొక్కితే డ్రమ్స్, బేస్ గిటారు వాటంతటవే పలుకుతాయి. ఊళ్ళో అందరూ దాన్ని వింతగా చెప్పుకుంటున్నారు గానీ, ఒక్కడే పాటగాడు కాలి సాయంతో మేళమంతా తెచ్చుకోవడం మన వైపు చాలా పాత సంగతి.

కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. అక్కడ కథ పాడే వీరవిద్యావంతులకి పంబజోడు ఉండాలి, తాళం ఉండాలి. శ్రుతికి తోలు తిత్తి పట్టే అలవాటు కూడా మన జానపద మేళాలకి ఉండేది. అది పదిమంది పోషించే కళ. ఊరు నిలబెట్టిన మేళం కాబట్టి అంతమందికి అన్నం పెట్టగలిగింది. మేళం పెట్టుకునే స్తోమత లేనివాడు మాత్రం తన ఒంటినే మేళం చేసుకున్నాడు. సంక్రాంతికి వచ్చే హరిదాసుని చూడండి. నెత్తిన అక్షయపాత్ర, ఒక చేత తంబూర, ఇంకో చేత చిడతలు, కాళ్ళకి గజ్జెలు. శ్రుతి, తాళం, నడక మూడూ ఒక్క మనిషి దగ్గరే. ఆ గజ్జెల కాలు లేకపోతే ఆయనకి మృదంగం లేనట్టే.

ఆ ఒంటరి విద్యని ఆకాశానికెత్తినవాడు ఆదిభట్ల నారాయణదాసు. 1864లో పుట్టి 1945 దాకా బతికిన హరికథా పితామహుడు, విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత పాఠశాలకి తొలి ప్రిన్సిపాలు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ ఐదింటితో ఐదు తాళాలు ఏకకాలంలో వేస్తూ పాడేవారు. దానికి పంచముఖి అని పేరు. మాకు ఇంకా దగ్గరివాడు బుర్రకథ చెప్పే షేక్ నాజర్. 1920లో తాడికొండ దగ్గర పొన్నెకల్లులో పుట్టారు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. భుజాన తంబూర, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు కట్టి ఆయన పల్నాటి యుద్ధం చెబుతుంటే పక్కన ఇద్దరు వంతలుండేవాళ్ళు. వాళ్ళు తాళం వేయడంతో సరిపెట్టేవాళ్ళు కాదు. కథకుడు ఎక్కడ ఆపితే అక్కడ అందుకోవాలి, జనం నవ్వితే నవ్వు ఆగేదాకా గుమ్మెట మీద కాలం నెట్టాలి. బుర్రకథ సగం ఆ కాచుకోవడంలోనే ఉంది.

తర్వాత హార్మోనియం వచ్చింది. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంటు పుచ్చుకున్న ఆ పెట్టె మొదట కాళ్ళతో తొక్కేదే. మన దేశంలో కింద కూర్చుని పాడే అలవాటు కాబట్టి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కురచ చేసి, వెనకాల చేత్తో ఊదే తిత్తి పెట్టాడు. ఆయన ద్వార్కిన్ దుకాణం 1875 నాటిది. అయితే చేతిపెట్టెతో ఒక చిక్కుంది. ఒక చెయ్యి గాలికే పోతుంది, వాయించడానికి ఇంకో చెయ్యే మిగులుతుంది. భజనకి అది చాలు. నాటకానికి చాలదు. 1880ల్లో ధార్వాడ కంపెనీల ఆటలు చూసి తెలుగువాళ్ళు పాటలు, పద్యాలతో నాటకాలు కట్టుకున్నారు. అప్పటికి మైకుల్లేవు, ఆరుబయట దీపాల వెలుగులో వేలమందికి వినపడాలి. అందుకని కాళ్ళ హార్మోనీయే రంగస్థలానికి దిక్కయింది. హార్మోనిస్టు స్టేజీ ముందు బల్ల మీద కూర్చుని, రెండు కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులా వాయించేవాడు. ఒక్క మనిషి నలుగురి చప్పుడు చేసేవాడు.

ఆ పెట్టె గమకం పలకదని, రెండు స్వరాల మధ్య జారలేదని పండితులకి కోపం. 1940 మార్చిలో రేడియో వాళ్ళు దాన్ని స్టూడియో గడప తొక్కనివ్వలేదు. ఆ ఆంక్ష సడలడానికి 1971 దాకా పట్టింది. ఆ ముప్ఫయ్యేళ్ళూ గుంటూరు జిల్లా పల్లెల్లో హార్మోనీ లేని నాటకమే లేదు. సాగర్ కుడికాలువకి 1967లో నీళ్ళొదిలాక పత్తి, మిరప పండి పల్నాటి పల్లెల్లో నాలుగు డబ్బులు ఆడాయి. తిరునాళ్ళకి రాయబారం, గయోపాఖ్యానం, హరిశ్చంద్ర ఆడించడం ఊరి పరువైంది. మా నాన్న పని పుంజుకున్నది అప్పుడే.

కాళ్ళ హార్మోనీకి మైకు పెట్టడం ఒక విద్య. పెడళ్ళు కిర్రుమంటాయి. ఆ కిర్రు మైకులో పడితే గొట్టంలోంచి ఊరంతా వినపడుతుంది. మా నాన్న పెడలు కింద తడిపి పిండిన తుండు మడత పెట్టేవాడు. మైకుని రీడ్ల వైపుకి కాకుండా పెట్టె వెనక్కి, జానెడు దూరంలో తిప్పేవాడు. తబలాకి ఒకటే మైకు, అదీ డగ్గా వైపు కొంచెం వంచి. హార్మోనిస్టు చూపు రీడ్ల మీద ఉండేది కాదు. పద్యం ఎత్తుకున్న నటుడి గొంతు దగ్గర, పక్కటెముకల దగ్గర ఉండేది. వాడు ఊపిరి పీల్చడం కనపడగానే కాలు నెమ్మదించేది. నాలుగో పాదం చివర రాగం సాగితే శ్రుతి పట్టుకుని కూర్చునేవాడు. రాగం దిగేచోట తబలా ఆయన అందుకునేవాడు. కింద జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదటికి వచ్చేవాళ్ళు.

ఇక గిటారు సంగతి. మన పల్లెల్లో దానికి ఇల్లు చర్చి. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు, ఆ తర్వాత పల్నాటికి, గురజాలకి కదిలాడు. ఆయన వెనకాలే బడులు, ఆసుపత్రులు, గుడి పాటలు వచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకి మొదట హార్మోనియం, డోలకే. తర్వాత గిటారు చేరింది. ఆదివారం ఆరాధనకి డ్రమ్ము కొట్టేవాడు, బేస్ వాయించేవాడు దొరకని ఊళ్ళు ఎక్కువ. అందుకే తనంతట తాను వాయించే మిషను మీద ఎవరికన్నా ముందు ఆసక్తి చూపింది మా చర్చి కుర్రాళ్ళే.

ఆ మిషను పుట్టి చాలా కాలమైంది. 1959లో అమెరికాలో వుర్లిట్జర్ కంపెనీ సైడ్‌మ్యాన్ అనే చెక్క బీరువా లాంటిది అమ్మింది. లోపల పళ్ళెం తిరుగుతుంటే డ్రమ్ము చప్పుళ్ళు వచ్చేవి. 1967లో జపాన్‌లో ఇకుతారో కకెహాషి అనే ఆయన పదహారు లయలతో రిథమ్ ఏస్ అనే చిన్న పెట్టె చేశాడు. హేమండ్ ఆర్గన్లలో దాన్ని బిగించారు. ఆ కకెహాషే 1972లో రోలాండ్ కంపెనీ పెట్టాడు. మన కుర్రాళ్ళు పుల్లలతో కొట్టే ఎనిమిది పలకల ఎస్‌పీడీ-20 ఆ కంపెనీదే. మన దేశంలో బెంగుళూరులో జి. రాజ్‌నారాయణ్ 1979లో ఎలక్ట్రానిక్ తంబూర తయారుచేశారు. ఆ తర్వాత ఆయన రాడెల్ కంపెనీ నుంచే తబలా పలికే పెట్టె వచ్చింది. కచేరీకి వెళ్ళే విద్వాంసుడి సంచీలో తంబూర ఇమిడిపోయింది.

మా ఊరి దాకా వచ్చింది కాసియో, యమహా కీబోర్డులు. కాసియో తొలి కీబోర్డు 1980లో వచ్చింది. మా వైపు పెళ్ళిళ్ళలో అవి కనపడింది తర్వాతి పదేళ్ళలో. ఎడమచేతి వేలు ఒక మెట్టు మీద పెడితే చాలు, డ్రమ్ము, బేసు, తీగలు అన్నీ నడుస్తాయి. 1992లో రోజా పాటలు విన్నాక జనం చెవి కూడా ఆ చప్పుడే కోరింది. తర్వాత యమహా వాళ్ళు మన దేశం కోసమే ఐ-425, ఐ-455 లాంటివి వదిలారు. వాటిలో తబలా, తంబూర, హార్మోనియం అన్నీ ఉన్నాయి. వాటి మేలు కాదనలేం. నాటకంలో శ్రీకృష్ణుడు ఒక శ్రుతిలో, అర్జునుడు ఇంకో శ్రుతిలో పాడితే హార్మోనిస్టు వేళ్ళన్నీ కొత్త మెట్లకి మార్చుకోవాలి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటను నొక్కితే సరిపోతుంది.

మైకుల లెక్క మారింది అప్పుడే. మొదట తబలా మైకు మా పెట్టెలోనే ఉండిపోయింది. తర్వాత డోలక్ మైకు. హార్మోనిస్టు మాత్రం కీబోర్డు నేర్చుకుని కొన్నాళ్ళు నిలబడ్డాడు. ఇప్పుడు ఫోన్‌లో ట్రాక్ పెట్టి పాడేవాళ్ళకి ఆయన కూడా అక్కర్లేదు. కమిటీ వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఒక మనిషి తగ్గితే ఒక బస్సు ఛార్జీ, ఒక భోజనం, ఒక సంభావన తగ్గుతాయి. మిరప ధర పడిన ఏడు చందా పుస్తకంలో ముందు కొట్టేసేది పక్కవాద్యాన్నే.

పెడలు ఈ వరసలో చివరిది. వాయించింది పట్టుకుని తిరిగి తిరిగి వినిపించే లూప్ పెడళ్ళు ముందు వచ్చాయి. 2001లో బాస్ వాళ్ళ ఆర్‌సీ-20 వాటిలో పేరు మోసింది. బాస్ కూడా రోలాండ్ కుటుంబమే. 2014లో బీట్‌బడ్డీ అనే డ్రమ్ము పెడలు వచ్చింది. దాన్ని చేసినవాడు డేవిడ్ పాకౌజ్. 2015లో డిజిటెక్ వాళ్ళు ట్రియో తెచ్చారు. అంతకుముందువాటికి లయ మనం ఎంచి పెట్టాలి. ట్రియో మన గిటారు విని నేర్చుకుంటుంది. పెడలు ఒకసారి తొక్కి కార్డ్స్ వాయిస్తే ఏ కార్డు ఎంతసేపు ఉంది, నడక ఎంత వేగంలో ఉంది అన్నది పట్టుకుంటుంది. మళ్ళీ తొక్కగానే దానికి తగ్గ బేసు, డ్రమ్ములు పుట్టిస్తుంది. బ్లూస్, రాక్, పాప్, కంట్రీ, జాజ్ లాంటి ఏడు తరహాలు, ఒక్కోదాంట్లో పన్నెండేసి రకాలు. మనది అనదగ్గ నడక ఒక్కటీ లేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా వీధి కుర్రాడు క్రిస్మస్‌కి వస్తూ దాన్ని పట్టుకొచ్చాడు. చర్చి పాటకి మా బాక్సుల్లో కలిపి చూద్దామని కొట్టుకి తెచ్చాడు. నాటకాలకి హార్మోనీ వాయించి మానేసిన పెద్దాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుర్రాడు నాలుగు కార్డ్స్ రెండు చుట్లు వాయించి పెడలు తొక్కాడు. డ్రమ్ము, బేసు బ్రహ్మాండంగా అందుకున్నాయి. గిటారు గొంతు కూడా నిండుగా మారింది. పెద్దాయన తల ఊపాడు.

"తాతా, నువ్వొక పద్యం ఎత్తుకో. ఇది నిన్ను పట్టుకుంటది" అన్నాడు కుర్రాడు.

ఆయన రాయబారం పద్యం ఎత్తుకున్నాడు. మొదటి పాదం ఎట్టాగో సర్దుకుంది. మూడో పాదంలో ఆయన రాగం తీస్తూ నిలబడ్డాడు, డ్రమ్ము నిలబడలేదు. బేసు ముందుకెళ్ళి ఇంకో స్వరంలో పడింది. ఆయన ఆపేశాడు.

"వీడు ఆగడేందిరా?"

"మిషను గదా తాతా."

"మిషనైతే మాత్రం, నేను ఊపిరి తీసుకోవద్దంట్రా?"

కుర్రాడు నవ్వి పెడలు ఆపాడు. తర్వాత పద్యం మొత్తం ఆయన ఒక్కడే పాడాడు. కుర్రాడు గిటారు మీద ఒక్క తీగ పట్టుకుని శ్రుతి ఇచ్చాడు, ఆయన ముఖం చూస్తూ. అప్పుడు బాగుంది.

తాళం పట్టుకుని నడిచే పాటకి మిషను పనికొస్తుంది. చర్చి పాటకి, సినిమా పాటకి, పెళ్ళి పాటకి అది వేళకి వస్తుంది, వేగం తప్పదు, తాగి రాదు. అక్కడ దాన్ని తిట్టడం అన్యాయం. పద్యానికి తాళం లేదు, పాడేవాడి ఊపిరే దాని కొలత. ఒకసారి విన్నదాన్నే పదిసార్లు చెప్పే యంత్రం దాని వెంట నడవలేదు. మా చుట్టుపక్కల నాటకాల్లో ఇప్పుడు ట్రాక్ అయిపోతుందేమోనని రాగం కుదించుకునే నటుల్ని నేను చూస్తున్నాను. పక్కవాద్యం నటుడి కోసం కాచుకోవాల్సింది పోయి, నటుడు పక్కవాద్యం వెంట పరిగెడుతున్నాడు. నష్టం అక్కడ జరుగుతోంది.

తిరునాళ్ళ కమిటీల వారికి నాది ఒకటే మనవి. డాన్సు ప్రోగ్రాముకి మీ ఇష్టం, పాటకచేరీకి మీ ఇష్టం. పద్యనాటకం పెట్టిన రాత్రి మాత్రం హార్మోనిస్టుని, తబలా ఆయన్ని పిలవండి. ఆ రెండు మైకులకీ నేను అద్దె తీసుకోను.