సలాము వెళ్ళింది, జవాబు ఎక్కడ ఆగింది?

మన కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు ఖాందాన్లలో దుబాయి, జెద్దా, దోహాలో ఒక్కరైనా లేని ఇల్లు దొరకడం కష్టం. మన తరం ఖత్ కోసం ఇంతెజార్ చేసింది, తర్వాత ఎస్‌టీడీ బూత్ ముందు నిలబడింది, ఆ తర్వాత నెట్ సెంటర్‌లో గంటకింత అని కూర్చుంది. అందుకే మన ఇళ్లలో నెట్ బంద్ అయితే అది ఊరికే సినిమా ఆగిపోవడం కాదు, ఖైరియత్ ఆగిపోవడం.

ఆ లైను బతికి ఉందా లేదా అని అడిగే చిన్న హుకుం ఒకటుంది. పేరు పింగ్. దాని తారీఖ్ దిల్‌చస్ప్‌గా ఉంటుంది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో మైక్ మ్యూస్ అనే ఆయన, తమ నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తుంటే కారణం వెతకడానికి దీన్ని రాశాడు. నీటి అడుగున జలాంతర్గామి ఒక చప్పుడు వదిలి, అది తిరిగి రావడానికి పట్టే టైముతో ఫాసలా లెక్కగడుతుంది కదా, పేరు ఆ చప్పుడుదే. ప్రోగ్రాం తయారయ్యేసరికి అసలు గడబిడను తోటి ఉద్యోగి ఒకరు సరిచేసేశాడట! ఇదే తన పేరు నిలబెడుతుందని తెలిస్తే ఇంకో రోజు రెండు రోజులు కష్టపడేవాడినని ఆయన తర్వాత రాసుకున్నాడు. 2000 సంవత్సరంలో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

నా లెక్కలో పింగ్ అంటే సలాం. అవతలి మిషన్ వ అలైకుం అంటే దారి ఉన్నట్టు. ఎన్ని మిల్లీసెకన్లలో అందో చూస్తే ఫాసలా కూడా అర్థమవుతుంది. గాజు తీగలో వెలుగు ఒక మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, అంటే రానూపోనూ కనీసం 3 మిల్లీసెకన్లు, మధ్యలో మిషన్ల టైము అదనం. అదే 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా పోతే జవాబు రావడానికి అర సెకను పడుతుంది. పాత ఉపగ్రహ కనెక్షన్లలో మాట తడబడేది అందుకే.

ఇంకో హుకుం ట్రేస్‌రూట్, దాన్ని వాన్ జాకబ్సన్ రాశాడు. విండోస్‌లో ట్రేసర్ట్ అంటాం. ఇది సఫర్‌లోని ఒక్కో మంజిల్‌నీ చూపిస్తుంది. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా వచ్చింది. చాలా ఏళ్లు ఒక కంపెనీ కనెక్షన్ నుంచి ఇంకో కంపెనీకి పోయే ఖబర్, రెండూ ఇక్కడివే అయినా, తరచు అమెరికా చుట్టి వచ్చేది. పొరుగింటికి పోవడానికి హజ్ చేసొచ్చినట్టు! ఆ తమాషా తగ్గించడానికే 2003లో నిక్సీ అనే ఇచ్చిపుచ్చుకునే కేంద్రం పెట్టారు.

2008లో నేను ముకరంపుర దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చునేవాణ్ణి. జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సమందర్‌లో రెండు కేబుళ్లు తెగాయి. ఫిబ్రవరి 1న దుబాయికి 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. మొహల్లాలోని ఒక ఖాలా వచ్చి, “బేటా, మా పోరడు రెండు రోజుల సంది కంప్యూటర్ల మాట్లాడుతలేడు, ఏమన్న అయిందా?” అని ఏడ్చింది. ట్రేసర్ట్ కొట్టాను. హైదరాబాద్ జవాబిచ్చింది, ముంబై జవాబిచ్చింది, ఆ పైన అన్నీ చుక్కలే. “ఖాలా, మీ వాడికి ఏం కాలేదు, దారి తెగింది” అని తెర చూపించాను. ఆమెకు ఆ అంకెలు అర్థం కాలేదు, కానీ కన్నీళ్లు తుడుచుకుంది. ఫాల్కన్ తెగిన చోట తర్వాత ఐదారు టన్నుల పాత లంగరు ఒకటి దొరికింది.

ఇటీవల ఆదిలాబాద్‌లో ఉన్న మా భాంజాకి స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి తారీఖున లైను పోయింది. కంపెనీవాళ్లకు శికాయత్ చేస్తే, సముద్రంలో కేబుల్ తెగిందండీ అన్నారు. కొంప ఊళ్లో మునిగితే నేరం సమందర్ మీదికి! నేను ఫోన్‌లో వాడితో వరుసగా చేయించాను. ముందు 127.0.0.1కి పింగ్, అది సొంత కంప్యూటరే, జవాబు వచ్చింది. తర్వాత 192.168.1.1, అంటే ఇంట్లోని రౌటర్, అదీ ఒక్క మిల్లీసెకనులోపే. ఆ తర్వాత 8.8.8.8కి వంద సలాములు పంపిస్తే 41 గుమ్. ట్రేసర్ట్‌లో కనబడిన మంజిళ్లకు ఒక్కొక్కదానికీ వంద పంపిస్తే రెండోదానినుంచే నష్టం మొదలై చివరిదాకా అలాగే ఉంది. చివరిదాకా ఉండటం ముఖ్యం. మధ్యలో ఒక్క మంజిలే చుక్కలు చూపించి తర్వాతివి సరిగ్గా జవాబిస్తే గాబరా పడకండి, కొన్ని రౌటర్లు ఇలాంటి సలాములకు పలకవు. ఇంకో మాట, అంకెకు జవాబొచ్చి పేరుకు రాకపోతే తప్పు తీగది కాదు, పేర్లను అంకెలుగా మార్చే డి.ఎన్.ఎస్.ది.

ఆ తెర ఫోటోలు తీసి పంపమన్నాను. దలీల్ చేతిలో ఉంటే మాట తీరే మారుతుంది. సముద్రం ఊసు మళ్లీ రాలేదు. ఫారం మాత్రం వాడు ఆ రాత్రి పక్కింటివాళ్ల మొబైల్ హాట్‌స్పాట్‌తో పంపాడు. మూడో రోజు లైన్‌మన్ వచ్చి, వీధి చివర మోరీ కోసం తవ్విన చోట నలిగిన తీగకు కొత్త జాయింటు వేశాడు. ఇప్పుడు వందకు వంద జవాబులు వస్తున్నాయి.